చేయని రాజీనామా

"నేను రాజీనామా ఎప్పుడు చేసినా?"

రాత్రి అడిగిన ప్రశ్ననే ప్రమోద పొద్దున్నే మళ్ళీ అడిగింది. ప్రేమ్ కుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి తప్పిపోయింది. అన్నీ విప్పి మొదటి నుంచి పెట్టుకోసాగాడు.

"నిన్నే అడుగుతాండేది."

"రాత్రంతా అదే కదా మాట్లాడుకున్నాం."

"నేను మాట్లాడినా. నువ్వు గోడ పక్కకు తిరిగి పండుకున్నావు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. హనుమంతమ్మ వింటోందని కొడుకుకూ తెలుసు, కోడలికీ తెలుసు.

నిన్న సాయంత్రం కాలేజీ కరెస్పాండెంట్ శివప్రసాద్ తన గదిలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి మరీ చెప్పిన మాటలు ప్రమోద చెవుల్లో ఇంకా తిరుగుతున్నాయి. "ఇన్నేళ్ళు మా కాలేజీ పేరు నిలబెట్టినారమ్మా. ఇంట్లో ఇబ్బందులుంటే మేమేం చేస్తాం? మీరు రాజీనామా చేస్తున్నారని మీ ఆయన వారం కిందటే అంతా చెప్పినారు. మీ తావున మీ అసిస్టెంట్ మంజును వేసుకున్నాం."

ఏం ఇబ్బందులో ఆమెకే తెలియదు. తెలియదని ఆయన ముందు చెప్పడానికి నోరు రాలేదు. కాఫీ తాగి వచ్చేసింది.

హిందూపురంలోని ఆ డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు ప్రమోదే హెడ్ కోచ్. గ్రౌండులో కంపచెట్లు కొట్టించి, నెట్టు కట్టించి, ఇల్లిల్లూ తిరిగి పిల్లలను తెచ్చుకుని కూడగట్టిన జట్టు అది. ఈ ఏడు యూనివర్సిటీ పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చింది. ఈ రోజు పెనుకొండలో సెమీస్, రేపు ధర్మవరంలో ఫైనల్. గెలిచిన కాలేజీ కోచ్‌కే యూనివర్సిటీ జట్టును అప్పగిస్తారు. నెల రోజులు క్యాంపు, ఆ తర్వాత చెన్నైలో సౌత్ జోన్ పోటీలు. ప్రమోద ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మెట్టు అది.

"చెప్పు. శివప్రసాద్ సారుతో ఏమన్నావు?"

ప్రేమ్ కుమార్ మంచం అంచున కూర్చున్నాడు. "వాళ్ళు నిన్ను తీసేయాలనే అనుకున్నారు. కమిటీలో ఎవరిదో బంధువుల పిల్లను నువ్వు జట్టులోకి తీసుకోలేదంట కదా, ఆ కోపం. నన్ను పిలిపించి చెప్పినారు."

"నన్ను తీసేయాలంటే నన్ను పిలవాల. నిన్ను ఎందుకు పిలుస్తారు?"

"ఏమో. పిలిచినారు, పోయినా. కాలేజీ వాళ్ళు తీసేసినారని ఊరంతా చెప్పుకునే కంటే, ఆమే మానుకునిందంటే నీకు మర్యాదగా ఉంటాదని ఊ అన్నా."

"నా మర్యాదను నన్ను అడగకుండానే కాపాడినావు."

"నీ మంచికే చేసినా."

"అయితే నాకెందుకు చెప్పలేదు? వారం దినాలైంది నువ్వు ఆ మాట చెప్పొచ్చి. వారం దినాలు నేను పిల్లోళ్ళను ఆడిస్తానే ఉండా. పొద్దున లేస్తా, పోతా, ఎండలో నిలబడి అరిచి వస్తా. నువ్వు చూస్తానే ఉన్నావు. పోవద్దని కూడా చెప్పలేదే."

ప్రేమ్ కుమార్ తల ఎత్తలేదు.

ఆ తల అట్లా వంచుకుని ఉండడం చూసేసరికి, ప్రమోద ఎన్నడూ అనకూడదనుకున్న మాట నోటిదాకా వచ్చింది. వాళ్ళిద్దరూ కలిసింది గ్రౌండులోనే. ఆ రోజుల్లో ప్రేమ్ కుమార్ స్మాష్ కొడితే ఎదుటి జట్టు వెనక్కి జరిగేది. మోకాలు దెబ్బతిన్నాక మళ్ళీ బంతి ముట్టలేదు. పైపుల కంపెనీలో చేరాడు, మానేశాడు. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అందులో కుదురుకున్నాడు.

"ఇన్నేళ్ళలో నువ్వు నా మ్యాచ్ ఒక్కటన్నా చూసినావా?" అంది ప్రమోద. "కప్పు గెలుచుకొస్తే, యాడ పెడతావు, తావు లేదన్నావు. నాకు తెలుసు నీ బాధేమో. నువ్వు ఆడలేకపోయిన ఆట నేను ఆడిస్తాండా. అదీ నీ కడుపుమంట."

ప్రేమ్ కుమార్ ముఖం తెల్లబోయింది. ఒకసారి వంటింటి వైపు చూశాడు.

"అట్లే అనుకో," అన్నాడు చివరికి, లేచి వాకిట్లోకి పోతూ.

*

హనుమంతమ్మ పళ్ళెంలో బొరుగుల ఉగ్గాని పెట్టి కోడలి ముందుకు జరిపింది.

"తిని పో. నిన్న మాపటి నుంచి ఏం తినలేదు నువ్వు."

ప్రమోద కిందనే కూర్చుంది. ఈ ఇంట్లో ఆమె ఆటను పట్టించుకున్న మనిషి అత్త ఒక్కతే. పిల్లల జెర్సీలు మిద్దె మీద ఆరేసి, సాయంత్రం మడిచిపెట్టేది. ప్రమోద కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నడుముకు కట్టుకుని పెంచింది ఆమే. ఆ కూతురు ఇప్పుడు బెంగళూరులో నర్సింగ్ చదువుతోంది. ప్రమోద ఏ ఊరి నుంచి వచ్చినా, గడప దాటకముందే "గెలిచినారా?" అని అడిగేది అత్తే.

"నువ్వన్నా చెప్పు అత్తా. నీ కొడుకు చేసింది న్యాయమేనా?"

"నన్ను అడగొద్దు ప్రమోదా."

"నిన్ను కాకపోతే ఎవరిని అడగాల?"

హనుమంతమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. పెట్టేటప్పుడు కొన్ని నీళ్ళు కింద ఒలికాయి. కొంగుతో తుడుస్తూ, "ఈ పొద్దు ఇంట్లోనే ఉండు," అంది.

"ఎట్ల ఉండేది? ఆడ నా పిల్లోళ్ళు ఆడతాండారు. కోచ్‌గా కాకపోతే పోనీ, చూసేకన్నా పోతా."

అత్త తడిసిన కొంగు పిండుకుంటూ లేచి పోయింది. కొడుకును తప్పుపట్టలేని తల్లి కష్టం అనుకుంది ప్రమోద. ఆమె మీద జాలిపడుతూనే నాలుగు ముద్దలు తిని, చెప్పులు వేసుకుంది.

*

పెనుకొండలో బస్సు దిగేసరికి ఎండ ముదిరింది. కొండ నీడ గ్రౌండు దాకా రాలేదు. మెట్ల మీద జనంలో, ఒక చివరన కూర్చుంది ప్రమోద.

గ్రౌండు పక్కన కోచ్ కుర్చీలో మంజు ఉంది. ఉందనే మాటేగానీ కూర్చోలేదు. చేతులు కట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి నిలబడి ఉంది. అది ప్రమోద నిలబడే తీరు. మంజుది కొత్తచెరువు దగ్గర మెట్టపొలాల పల్లె. చదువు మాన్పించి పెళ్ళి చేస్తామని ఇంట్లోవాళ్ళు అంటే, ప్రమోద వెళ్ళి రెండు రోజులు వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని ఒప్పించి తెచ్చుకుంది. స్మాష్‌కు బంతి ఎత్తి ఇచ్చే సెట్టర్‌గా ఆడించింది. చదువయ్యాక అసిస్టెంట్‌గా తన పక్కనే పెట్టుకుంది.

మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టులో మంజు టైమ్ అవుట్ తీసుకుని పిల్లలతో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ప్రమోదకు ఇక్కడి నుంచే తెలిసిపోయింది. నెట్టు మీద అడ్డుకునే ఎదుటి జట్టు బ్లాకు ఎప్పుడూ ఎడమవైపే లేస్తోంది. బంతిని వెనక్కి ఇచ్చి, కుడివైపు నుంచి షాహిస్తాతో కొట్టించాలి. నెల రోజులు సాయంత్రాలు నేర్పించిన ఆట అది.

సెట్టర్ వెనక్కి ఎత్తింది. షాహిస్తా గాలిలోకి లేచి కొట్టింది. బంతి నేల తాకిన చోట దుమ్ము లేచింది.

జనం చప్పట్లు కొట్టారు. ప్రమోద కూడా కొట్టింది. తను లేకపోతే పిల్లలు తడబడతారని, వెనక్కి తిరిగి తనకోసం వెదుకుతారని మనసులో ఎక్కడో అనుకుంది కాబోలు. ఎవరూ వెదకలేదు. మూడు సెట్లు వరసగా గెలిచారు.

మ్యాచ్ అయ్యాక కొళాయి దగ్గర పిల్లలు ముఖాలు కడుక్కుంటుంటే ప్రమోద దగ్గరికి వెళ్ళింది. ఒక్కరొక్కరుగా మాటలు ఆపేశారు.

"బాగా ఆడినావు షాహిస్తా."

షాహిస్తా దోసిట్లో నీళ్ళు పట్టుకుని, తాగకుండా వదిలేసింది. హిందూపురంలో కుట్టుమిషన్ పెట్టుకున్న గఫార్ కూతురు ఆ పిల్ల. బయట ఊళ్ళకు పంపనని తండ్రి మొండికేస్తే, నేనుండగా నీ బిడ్డకు నేను జవాబుదారీ అని ప్రమోద మాటిచ్చింది.

"రేపు ధర్మవరానికి కూడా చూసేకి వస్తారా మేడం?"

"అదేం మాట?"

"మరేమనాల? సెమీస్ ముందర మమ్మల్ని వదిలేసి పోయినారు. మీరుంటారనే కదా మా నాయన నన్ను పంపింది. ఒక్క మాట మాతో చెప్పింటే ఏమయ్యేది?"

"నేను వదిలేసి పోయినానని ఎవరు చెప్పినారు?"

షాహిస్తా మంజు వైపు చూసింది. తక్కిన పిల్లలూ అటే చూశారు.

*

మంజును పక్కకు తీసుకుపోయింది ప్రమోద. కాలేజీ బస్సు వెనక కొంచెం నీడ ఉంది.

"శివప్రసాద్ సారు నన్ను తీసేయాలనుకున్నారంట. నిజమేనా మంజూ?"

"ఎవరు చెప్పినారు మేడం?"

"మా ఇంటాయన. వాళ్ళు పిలిపించి చెప్పినారన్నాడు."

అబద్ధం చెప్పడం మంజుకు రాదు. అందుకే ప్రమోద ఆమెను అడిగింది.

"ఎవరూ పిలిపించలేదు మేడం. ప్రేమ్ కుమార్ సారే వచ్చినారు. నేను ఆపొద్దు ఆఫీసులోనే ఉన్నా. గెలిస్తే నెల దినాలు పోవాల్సొస్తాది, ఆమెకు కుదరదు, ఇంగ మానుకుంటాది, మీరు వేరే మనిషిని చూసుకోండి అన్నారు. కరెస్పాండెంట్ సారు నమ్మలేదు. ఆమెతో మాట్లాడతానన్నారు. ఆమెకు చెప్పేకి బాధగా ఉండాది, మీరు అడిగి ఇంకా ఏడిపించొద్దండి అన్నారు మీ సారు."

బస్సు రేకు కాలిపోతోంది. ప్రమోద దానికి ఆనుకున్న చేతిని తీయలేదు.

"నువ్వు విన్నావు."

"విన్నా."

"వారం దినాలు నా పక్కనే నిలబడినావు. నాకొక మాట చెప్పలేకపోయినావా?"

"చెప్పలేకపోలేదు మేడం," అంది మంజు. "చెప్తే మీరు కాదంటారని తెలుసు. కాదంటే నేను మళ్ళా మీ వెనక బంతులు ఏరుకుంటా నిలబడాల. నాకూ ముప్పై దాటినాయి. మీరున్నంత కాలం నేను అసిస్టెంట్‌నే కదా. సారు వచ్చి చెప్పేసరికి... నిజమే అయ్యుంటాదిలే అని నాకు నేనే చెప్పుకున్నా."

ఏడుస్తూ చెప్పినా బాగుండేది. మంజు ఏడవడం లేదు.

అప్పుడే గేటు దగ్గర బైకు ఆగింది. ప్రేమ్ కుమార్. మధ్యాహ్నం షిఫ్టుకు కంపెనీ బస్సు ఎక్కకుండా, బండి మీద ఇటు వచ్చాడు. ఆమె మ్యాచ్‌కు అతను రావడం ఇదే మొదలు. ఆట అయిపోయాక వచ్చాడు.

"ఇంటికి పోదాం రా," అన్నాడు దగ్గరికొచ్చి. "నిన్ను బస్సెక్కించి నేను షిఫ్టుకు పోతా."

పిల్లలు బ్యాగులు తగిలించుకుని బస్సు దగ్గరికి వస్తున్నారు. షాహిస్తా అందరికంటే ముందుంది. సూటిగా ప్రేమ్ కుమార్ ముందుకే వచ్చి నిలబడింది.

"సార్, మేడం తనంతట తనే మానుకున్నారా?"

ప్రమోద భర్త ముఖంలోకి చూసింది. ఇంట్లో ఏమన్నా గానీ, ఇంతమంది పిల్లల ముందు, తను పక్కనే ఉండగా, ఆ మాట అతను అనలేడనుకుంది.

ప్రేమ్ కుమార్ షాహిస్తా వైపు తిరిగాడు. "అవునమ్మా. ఇంట్లో ఇబ్బందులుండాయి. మీ మేడమే వద్దనుకునింది. మీరు బాగా ఆడండి."

ఎంత మామూలుగా చెప్పాడంటే, ఒక్క క్షణం ప్రమోదకే అది నిజమేమో అనిపించింది.

"లేదు," అంది. "నేను వద్దనలేదు. నన్నెవరూ అడగలేదు. ఆయన చెప్పేది అబద్ధం."

ఊరి ముందర, పిల్లల ముందర మొగుణ్ణి అబద్ధాలకోరు అన్న ఆడమనిషిని ఆ పిల్లలు అంతకుముందు చూసి ఉండరు. ప్రేమ్ కుమార్ బండి తాళంచెవి అరచేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

షాహిస్తా మంజు వైపు తిరిగింది. "అక్కా, విన్నావా? మరి రేపు మేడమే కూర్చోవాల కదా?"

మంజు ప్రమోద ముఖంలోకి చూడకుండా, షాహిస్తా భుజం మీద చెయ్యి వేసింది.

"రేపు ఫైనల్ ఉండాది. కోచ్ పేరు నిన్ననే రాసి ఇచ్చేసినారు. ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఎక్కండి బస్సు."

"అక్కా..."

"ఎక్కు షాహిస్తా."

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. షాహిస్తా అందరికంటే వెనక ఎక్కింది. మెట్టు మీద ఆగి ప్రమోద వైపు చూసింది. ఎక్కొద్దని ఒక్క మాట అంటే దిగిపోయేదే. ప్రమోద ఆ మాట అనలేదు. ఫైనల్ ఆడాల్సిన పిల్లను ఆపడం ఆమెకు చేతకాలేదు.

"బ్లాకు చూసి కొట్టు," అంది.

బస్సు దుమ్ము లేపుకుంటూ ధర్మవరం దారి పట్టింది.

*

గ్రౌండులో నెట్టు విప్పుతున్నారు. ఇద్దరే మిగిలారు.

"శివప్రసాద్ పిలిపించలేదంట," అంది ప్రమోద. "నువ్వే పోయినావంట."

"ఊఁ."

"పొద్దున నాకు చెప్పింది కూడా అబద్ధమే."

"ఊఁ."

"ఎందుకు చేసినావు?"

"పొద్దున నువ్వే చెప్పినావు కదా. కడుపుమంట అని. అదే అనుకో."

"అనుకునేది కాదు. నువ్వు చెప్పు."

ప్రేమ్ కుమార్ కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. దెబ్బతిన్న మోకాలి మీద బరువు పడకుండా ఒక పక్కకు ఒరిగి నిలబడే అలవాటు అతనికి. ఆ నిలబడే తీరు చూసే ఒకప్పుడు ఆమె మనసు కరిగింది. ఇప్పుడేమీ అనిపించలేదు.

"ఇంటికి పో ప్రమోదా. అమ్మ ఒక్కతే ఉండాది."

"నీకు ఇంగ వేరే మాట లేదా?"

"లేదు," అన్నాడు. బండి స్టార్టు చేసి ఎర్రమంచి వైపు వెళ్ళిపోయాడు.

*

ధర్మవరం బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ధర్మవరంలో ఏం చేయాలో ప్రమోద ఆలోచించలేదు. యూనివర్సిటీ వాళ్ళు ఫైనల్‌కు వస్తారు. వాళ్ళ ముందు నిలబడి జరిగింది చెబుతుంది. వింటే వింటారు, లేకపోతే లేదు. టికెట్టు తీసుకున్నాక ఇంటికి ఫోన్ చేసింది. అత్త ఎదురుచూస్తుంది, చెప్పకపోవడం బాగుండదు.

"అత్తా, ఈ రాత్రికి రాను. ధర్మవరం పోతాండా."

అవతల కాకుల అరుపు వినబడింది.

"అత్తా?"

"వింటాండా. గెలిచినారా?"

"గెలిచినారు." అంతసేపూ రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది. "నీ కొడుకు పిల్లోళ్ళ ముందర కూడా అబద్ధం చెప్పినాడు అత్తా. నేనే వద్దన్నానన్నాడు. ఇంత పగ ఎందుకు ఆయనకు నా మీద?"

"వాడిని ఏమీ అనొద్దు," అంది హనుమంతమ్మ.

"అనకుండా ఎట్లుండేది?"

"వాడిని పంపింది నేను."

బస్సు ఒక గుంతలో పడి లేచింది. ప్రమోద సరిగా వినలేదేమోనని ఫోన్ చెవికి ఇంకా ఒత్తుకుంది.

"మొన్న వానాకాలంలో నువ్వు క్యాంపుకు పోయినావే, అప్పుడు బాత్రూములో పడినా," అంది హనుమంతమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు, పొయ్యి మీద అన్నం సంగతి చెప్పినంత మెల్లగా చెబుతోంది. "వాడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు. పొద్దెక్కేదాకా ఆ తడిలోనే పడుకోనుండా. అరిచినా ఎవరికీ వినపడలేదు. నీకు చెప్తే పొయ్యేది మానుకుంటావని, చెప్పొద్దని వాడితో ఒట్టు పెట్టించుకున్నా. ఇప్పుడు నెల దినాలంటిరి. నాకు భయమైంది ప్రమోదా. నువ్వు పోకుండా ఏదన్నా చెయ్యరా అని నేనే అన్నా. నా పేరు ఎత్తొద్దని కూడా నేనే అన్నా."

"నాతో చెప్పింటే..."

"చెప్తే నువ్వు ఉండిపోతావు. జీవితమంతా నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తాది నీకు. వాడి మీద కోపమైతే ఎప్పటికో ఒకప్పటికి పోతాదనుకున్నా."

ప్రమోద కిటికీ కమ్మీ పట్టుకుంది. పొద్దున ఉగ్గాని పళ్ళెం ముందు కూర్చుని, తను ఎవరి మీద జాలిపడిందో గుర్తొచ్చింది.

"ఇంగో మాట," అంది హనుమంతమ్మ. "ఈ పొద్దు నువ్వు పోయినాక మళ్ళా తల తిరిగింది. వాకిట్లో కూసోనుండా. లేచేకి భయంగా ఉండాది. నువ్వు పోవాలంటే పో. నేను రమ్మనను."

ఫోన్ ఆగిపోయింది.

మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ప్రేమ్ కుమార్‌కు చేద్దామంటే, షిఫ్టులో ఉన్నంతసేపు ఫోన్ అతని దగ్గర ఉండదు. అత్త నిజంగానే లేవలేకపోతోందా, లేక కొడుకుతో చేయించలేకపోయిన పని ఆ ఒక్క మాటతో తానే చేసుకుంటోందా? ఇన్నేళ్ళలో అత్త మాటను ప్రమోద అనుమానించడం ఇదే మొదటిసారి. అనుమానించినందుకు సిగ్గేసింది. అయినా అనుమానం పోలేదు.

పెనుకొండ కొండ వెనకబడింది. ప్రమోద సీట్లోంచి లేచి నిలబడింది.

"దిగాలామ్మా?" అన్నాడు కండక్టర్.

ఆమె పై కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆపమని మాత్రం అనలేదు.